వైద్యుల పట్టికకు పూర్వరంగము: ఆచంట లక్ష్మీపతిగారి జీవితము

వైద్యుడెవరు అను ప్రశ్నకు మన పల్లెలయందు సమాధానము చెప్పుట కష్టము కాదు. జ్వరపీడితుని మంచము చెంత కూర్చుండి నాడి చూచువాడు, కల్వములో మందు నూరి యిచ్చి పథ్యము చెప్పువాడు, తాతలనాటి తాళపత్రములను అటకమీద దాచుకొన్నవాడు వైద్యుడు. అతని హస్తవాసిమీద ఊరివారికి గల నమ్మకమే అతనికి పట్టా. నల్లగొండ, పాలమూరు సీమలలో ఇట్టి వైద్యులు తరతరములుగ ఉండిరి. కామెర్లకు పసరు పోయువారు కొందరు. విరిగిన యెముకకు కట్టు కట్టువారు కొందరు. అమ్రాబాదు కొండలమీది చెంచులు త్రవ్వి తెచ్చు వేళ్లను గడ్డలను కొని చూర్ణములు, కషాయములు చేయువారు మరికొందరు.

ప్రభుత్వము అడుగు ప్రశ్న వేరు. దానికి కావలసినది ఒక పట్టిక. అందు పేరున్నవాడు వైద్యుడు, లేనివాడు కాడు. పట్టికను నిర్వహించుటకు ఒక మండలి వలయును. ఆ మండలిలో కూర్చుండువారిని పట్టికకెక్కిన వైద్యులే ఎన్నుకొనవలెనా, లేక ప్రభుత్వము నియమింపవలెనా అనునది తరువాతి ప్రశ్న. భారతీయ వైద్యరంగమున ఈ రెండు ప్రశ్నలును నూరేండ్లకు పైగా నలుగుచున్నవి. వానితో తలపడిన తొలితరము తెలుగువారిలో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ముఖ్యులు. పాశ్చాత్య వైద్యమున పట్టభద్రుడై, ఆయుర్వేదమునకు శిష్యుడై, రెండు పక్షముల అనుమానమునకును గురియై, రెంటికిని సంధి కూర్చుటకు జీవితమును వెచ్చించిన ఆయన చరిత్ర తెలిసినగాని నేటి వైద్యమండలుల ఎన్నికలలోని విషయము మనకు బోధపడదు.

జననము - విద్య

లక్ష్మీపతిగారు 1880వ సంవత్సరము మార్చి 3వ తేదీన పశ్చిమగోదావరి ప్రాంతమున జన్మించిరి. ఆ కాలమున గోదావరీతీరమంతయు కందుకూరి వీరేశలింగంపంతులుగారి సంస్కరణోద్యమముతో ఊగిపోవుచుండెను. రాజమహేంద్రవరమున చదువుకొన్న యువకులమీద పంతులుగారి ప్రభావము పడకుండుట అరుదు. లక్ష్మీపతిగారు ఆయన శిష్యకోటిలోనివారు. పాతదైనంత మాత్రమున దేనిని పూజింపరాదని, కొత్తదైనంత మాత్రమున దేనికిని దాసోహమనరాదని ఆ గురుకులమున నేర్చిన పాఠము ఆయనకు కడవరకును తోడుగ నిలిచినట్లు ఆయన జీవితమే చెప్పుచున్నది.

తరువాత ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరి ఎం.బి.సి.ఎం. పట్టమును పొందిరి. ఆనాడు ఆ పట్టము గల తెలుగువారు కొలదిమంది. సర్కారు కొలువైనను, స్వంత వైద్యశాలయైనను వారికి కరతలామలకము. లక్ష్మీపతిగారు ఆ రాచబాటను విడిచి రెండు ఇరుకు దారులను పట్టిరి. ఒకటి తెలుగులో శాస్త్రగ్రంథరచన, రెండవది ఆయుర్వేదము.

విజ్ఞానచంద్రికా మండలి - నల్లగొండ సంబంధము

మొదటి దారి మన తెలంగాణమున మొదలయినది. 1906లో హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినది. దానికి మూలపురుషుడు కొమర్రాజు లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమునకు దివాను. నాలుగు వైపుల నిజాము రాజ్యపు నల్లగొండ సీమ, నడుమ ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకు చేరిన చిన్న ద్వీపము ఆ మునగాల. అది నల్లగొండ జిల్లాలో కలిసినది 1959లో. మండలికి అండగ నిలిచిన రావిచెట్టు రంగారావుగారు నల్లగొండ జిల్లా దండంపల్లివారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో ప్రముఖులు. తెలుగున చరిత్ర, అర్థశాస్త్రము, ప్రకృతిశాస్త్రములు లేని లోటును తీర్చవలెనని వీరు సంకల్పించిరి. కొంతకాలమునకు మండలి మద్రాసునకు చేరగా అచ్చట దాని పనిలో ప్రధానముగ పాల్గొన్నవారిలో లక్ష్మీపతిగారొకరు.

ఆయన వ్రాసిన జీవశాస్త్ర సంగ్రహము, అంటువ్యాధులు అను గ్రంథములు ఆ మండలి పక్షమున వెలువడినవి. కంటికి కనబడని సూక్ష్మజీవులవలన వ్యాధులు కలుగునని, అవి నీటిద్వారా, గాలిద్వారా, కీటకములద్వారా వ్యాపించునని తెలుగు చదువరికి తెలుగు మాటలలో చెప్పవలసి వచ్చిన కాలమది. పరిభాష లేదు, ఉన్న పరిభాష సంస్కృతమున మరొక అర్థమున వాడుకలో నున్నది. ఇంగ్లీషు పదమును యథాతథముగ దింపిన పల్లెవానికి తెలియదు. సంస్కృత పదమును కల్పించిన పండితునికి తప్ప తెలియదు. ఈ చిక్కు ఎట్టిదో శాస్త్రమును తెలుగులో బోధించుటకు ప్రయత్నించినవారికి విదితమే.

ఆ గ్రంథరచనకు మన సీమలతో మరియొక విధమైన సంబంధమున్నది. నారికురుపు నల్లగొండ, పాలమూరు ప్రజలకు చిరపరిచితమైన వ్యాధి. దిగుడుబావిలోనికి దిగి నీరు ముంచుకొనువారి కాళ్లనుండి పొడవైన పురుగు బయలువెడలెడిది. పల్లెవైద్యుడు దానిని పుల్లకు చుట్టి, తెగకుండ, దినమునకు కొంచెముగ బయటికి లాగెడివాడు. అది ఎంతో నేర్పుతో కూడిన చికిత్స. ఆధునిక వైద్యమునకును అంతకు మించిన మందు దొరకలేదు. అయితే నీటిలోని ఒక చిన్న జీవి ఆ పురుగు పిల్లలను మోయుననియు, ఆ నీరు త్రాగుటచేతనే వ్యాధి మరల పుట్టుననియు తెలిసినగాని ఊరికి విముక్తి లేదు. భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2000లో ధ్రువపరచినది. దిగుడుబావులకు మారుగ చేతిపంపులు వచ్చుటయు, నీటిని వడగట్టి త్రాగుట ప్రజలు నేర్చుటయు దానికి కారణములు. నల్లగొండ నేలనీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచుట కూడ ఇట్టిదే. నాడి చూచి దాని మూలమును కనిపెట్టజాలము, నీటిని పరీక్షింపవలెను. దేశీయ వైద్యుని నేర్పును త్రోసిపుచ్చరాదనియు, ఆ నేర్పునకు నూతన విజ్ఞానము తోడు కావలెననియు లక్ష్మీపతిగారు పట్టిన పక్షమునకు ఈ రెండు వ్యాధులును చక్కని ఉదాహరణములు.

గురుసన్నిధి

రెండవ దారిలో ఆయనకు గురువు పండిత దీవి గోపాలాచార్యులుగారు. ఆచార్యులవారు 1872లో జన్మించి, మైసూరున ఆయుర్వేదము నేర్చి, మద్రాసు చేరి వైద్యులుగ అఖండకీర్తి గడించినవారు. ప్లేగు మహమ్మారి దక్షిణదేశమును పీడించినపుడు హైమాది పానకము, శతధౌత ఘృతము అను ఔషధములతో ఆయన చేసిన సేవ ప్రసిద్ధము. కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి ధర్మవైద్యశాలను నడిపి, శిష్యులను చేరదీసి, ఇంటిగుట్టుగ నున్న విద్యను తరగతి గదిలోనికి తెచ్చిరి.

అట్టి గురువునకు ఎం.బి.సి.ఎం. పట్టభద్రుడు శిష్యుడగుట ఆ దినములలో వింత. శరీరమును కోసి చూచి నేర్చినవాడు వాత పిత్త కఫములను గూర్చి వినుటకు చాప మీద కూర్చుండుట తోటి డాక్టర్లకు పరిహాసాస్పదము. మ్లేచ్ఛవైద్యము చదివినవానికి శాస్త్రరహస్యము చెప్పుట కొందరు పండితులకు అపచారము. లక్ష్మీపతిగారు ఈ రెంటిని సహించిరి. 1920లో గోపాలాచార్యులుగారు కీర్తిశేషులు కాగా మద్రాసు ఆయుర్వేద కళాశాల భారము ఈ శిష్యునిపై పడినది. ఆ దశాబ్దమున చాలకాలము ఆయన దానికి ప్రధానాచార్యులుగ నుండిరి.

పట్టిక తెచ్చిన ఆపద

ఆయన ఈ దారి పట్టిన కాలముననే దేశీయ వైద్యమునకు చట్టరూపమున పెద్ద ఆపద వచ్చినది. 1912లో బొంబాయి, 1914లో బంగాళము, మద్రాసు రాజధానులు వైద్యుల నమోదు చట్టములను చేసినవి. పాశ్చాత్య వైద్యమున పట్టా గలవారి పేర్లు పట్టికకెక్కును. వారికొక మండలి ఏర్పడును. అందు కొన్ని స్థానములకు వారు తమ ప్రతినిధులను ఎన్నుకొందురు. సర్కారు కొలువునకు, సెలవు పత్రమునకు, న్యాయస్థానమున సాక్ష్యమునకు ఆ పట్టికలోని వైద్యుని సంతకమే చెల్లును. దేశమున అత్యధిక ప్రజకు మందిచ్చుచున్న వైద్యులకు, హకీములకు ఆ పట్టికలో చోటు లేదు. మండలిలో గొంతు లేదు.

చిక్కు అంతటితో ఆగలేదు. పట్టికలోని డాక్టరు పట్టికలో లేని వైద్యునితో కలిసి పనిచేసిన అది వృత్తికి కళంకమని మండలి తలపవచ్చును. అతని పేరు కొట్టివేయవచ్చును. ఆయుర్వేద విద్యాలయముతో సంబంధము పెట్టుకొన్నందుకు బొంబాయిలో ఒక డాక్టరు అట్టి శిక్షకు గురియయ్యెను. ఇంగ్లీషు పట్టాతో ఆయుర్వేదమును బోధించు లక్ష్మీపతివంటివారికి ఇది పొరుగింటి కథ కాదు. తన పట్టా, తన జీవనాధారము, తన గౌరవము ఆ పట్టికలోని ఒక్క పంక్తిమీద ఆధారపడి యుండగా ఆయన ఆయుర్వేద కళాశాలను వదలలేదు.

ఈ చట్టముల రాకను పసిగట్టి 1910లో ఢిల్లీ హకీము అజ్మల్ ఖాన్‌గారు వైద్యులను, హకీములను ఒక్క వేదికమీదికి చేర్చిరి. అంతకుముందే, 1907లో, నాసికమున అఖిలభారత ఆయుర్వేద మహాసభ ఆరంభమైనది. వైద్యులు తమలో తాము సభలు చేయుట, అధ్యక్షుల నెన్నుకొనుట, తీర్మానములు చేయుట అప్పుడు నేర్చిరి. ఒంటరిగ ఊరూర నుండి, తమ యోగమును పొరుగు వైద్యునికి చెప్పని జాతి సంఘముగ కూడుట సామాన్యమైన మార్పు కాదు.

ఎన్నిక హక్కు ఇంగ్లండులోని డాక్టర్లకు సయితము తొలిదినముననే దొరకలేదు. అచ్చట 1858 చట్టము వైద్యమండలిని స్థాపించినది. అందు విశ్వవిద్యాలయముల వారు, వైద్యసంస్థల వారు, ప్రభుత్వము నియమించినవారు కూర్చుండిరి. ఊరి డాక్టరుకు వోటు లేదు. ఇరువదియెనిమిది సంవత్సరములు పోరాడిన పిమ్మట 1886 చట్టమువలన సామాన్య వైద్యులు తమ ప్రతినిధులను నేరుగ పంపగలిగిరి.

ఉస్మాన్ సంఘము - దేశీయ వైద్య పాఠశాల

ప్రభుత్వము దేశీయ ఔషధముల విలువను తేల్చుటకు డాక్టరు కోమన్‌గారిని 1918లో నియమించినది. ఆయన ఆధునిక వైద్యుని దృష్టితో మందులను పరీక్షించి, ఆయుర్వేద సిద్ధాంతమునకు శాస్త్రీయత లేదను అభిప్రాయమును ప్రకటించిరి. దీనికి ద్రావిడ వైద్యమండలియు, మద్రాసు ఆయుర్వేద సభయు 1921లో ప్రత్యుత్తరమును గ్రంథరూపమున ఇచ్చినవి. మందును మాత్రము వేరుచేసి చూచుట, రోగి ప్రకృతిని, పథ్యమును, అనుపానమును విడిచిపెట్టుట న్యాయము కాదని వైద్యుల వాదము. తమను గూర్చి ఇతరులు తీర్పు చెప్పుచున్నారే గాని తాము తీర్పరులలో లేరను బాధ ఆ వాదమునకు వెనుక నున్నది.

ఆ యేడాదియే మద్రాసు ప్రభుత్వము ముహమ్మద్ ఉస్మాన్‌గారి అధ్యక్షతన దేశీయ వైద్యవిధానముల విచారణ సంఘమును నియమించినది. కార్యదర్శి కాప్టెన్ జి. శ్రీనివాసమూర్తిగారు. ఆయనయు లక్ష్మీపతిగారివలె పాశ్చాత్య వైద్యమున పట్టభద్రుడై ఆయుర్వేదమును అభిమానించినవారు. ఈసారి సంఘము వైద్యులనే అడిగినది. పెక్కు భాషలలో ప్రశ్నావళిని పంపి వారి సమాధానములను సేకరించినది. 1923లో ప్రకటితమైన నివేదిక దేశీయ వైద్యములకు శాస్త్రీయమైన పునాది కలదని నిర్ధారించి, విద్యాలయములను, వైద్యుల నమోదును సిఫారసు చేసినది.

నాటి ప్రధానమంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు సంస్కృత పండితులు, తెలుగువారు. ఆయన ప్రభుత్వకాలమున, 1925 నాటికి, మద్రాసున ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల వెలసినది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యములతో పాటు శరీరనిర్మాణశాస్త్రము, శస్త్రవిద్య మొదలైన ఆధునిక విషయములను అందు బోధించిరి. ఉత్తీర్ణులైనవారికి ఎల్.ఐ.ఎం. అను పట్టా. తరువాత 1930ల ఆరంభమున ప్రభుత్వపు ఉత్తరువువలన భారతీయ వైద్య కేంద్రమండలి ఏర్పడి దేశీయ వైద్యులను తరగతులవారీగ నమోదు చేయసాగినది. ఎవరు చదివి వచ్చినవారు, ఎవరు అనుభవముచే వైద్యులైనవారు అను విభజన అచ్చట మొదలైనది. పల్లెవైద్యుడు చట్టపు కంటికి తొలిసారి కనబడినది అట్టి పట్టికలోనే.

గురువు వదలిపోయిన కళాశాలలో లక్ష్మీపతిగారు చేసిన పని ఈ మార్పునకు సమాంతరముగ సాగినది. చదువు లేని పట్టిక వట్టి పేర్ల జాబితాగ మిగులును. వోటరులను తయారుచేయుటకు ముందు వైద్యులను తయారుచేయవలెను. ఈ క్రమము ఆయన ఎరిగినవారు. ధన్వంతరి అను తెలుగు మాసపత్రికను నడిపి ఊళ్లలోని వైద్యులకు శాస్త్రచర్చను చేరవేసిరి. ఆవడి సమీపమున ఆరోగ్యాశ్రమమును స్థాపించి, రోగము వచ్చిన పిదప మందిచ్చుటకంటె రాకుండ కాపాడుకొనుట మేలను స్వస్థవృత్తమును ఆచరణలో చూపిరి.

రుక్మిణీ లక్ష్మీపతి

ఆయన సహధర్మచారిణి రుక్మిణీ లక్ష్మీపతిగారి పేరు స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో చిరస్థాయి. 1930లో వేదారణ్యమున జరిగిన ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని ఆమె కారాగారవాసము అనుభవించిరి. ఆ సత్యాగ్రహమున శిక్షపడిన తొలి మహిళ ఆమెయే. 1937 ఎన్నికలలో మద్రాసు శాసనసభకు ఎన్నికై, ఉపసభాపతి పదవి నలంకరించిరి. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మంత్రివర్గమును ఏర్పరచినపుడు ఆమెకు ప్రజారోగ్యశాఖ లభించినది. ఆ మంత్రివర్గము 1947 మార్చిలో తొలగినది. ఆమె 1951లో పరమపదించిరి.

ఒకే ఇంట భర్త వైద్యవిద్యను, భార్య ఆరోగ్యశాఖను నిర్వహించిన సన్నివేశము మన చరిత్రలో అరుదు. భార్య ప్రజల వోటుచేత శాసనసభకు వెళ్లినది; భర్త వృత్తిలోని వేలాది దేశీయ వైద్యులకు తమ మండలికి ప్రతినిధులను పంపు హక్కు చట్టరీత్యా దేశమంతట ఏర్పడుటకు ఇంకను ఎన్నో యేండ్లు పట్టినది. స్త్రీలకు వోటు రాదన్నవారును, వైద్యులకు వోటేల అన్నవారును చెప్పిన కారణమొకటే: వారికి ఇంకను చదువు చాలదు. చదువు చెప్పించి వోటు ఇచ్చుటయే దానికి తగిన సమాధానమని ఆ దంపతుల జీవితములు నిరూపించినవి.

చివరి దినములు

వయసు మీరిన తరువాత లక్ష్మీపతిగారు గ్రంథరచనకు అంకితులైరి. ఆయుర్వేదమును ఆధునికుల భాషలో ఆమూలాగ్రముగ వివరించు పాఠ్యగ్రంథమును ఇంగ్లీషున సంపుటములుగ వ్రాసిరి. 1944లో బెజవాడనుండి దాని భాగము వెలువడినది. తెలుగున శాస్త్రమును చెప్పిన చేయి ఇంగ్లీషున ఆయుర్వేదమును చెప్పుటకు పూనుకొన్నది. పల్లెవానికి సూక్ష్మజీవిని, డాక్టరుకు త్రిదోషమును పరిచయము చేయుట ఆయన దృష్టిలో ఒకే పనికి రెండు కొసలు.

అయితే ఆయన కండ్లయెదుటనే ఒక ఎదురుదెబ్బ తగిలినది. మద్రాసు పాఠశాల స్వాతంత్ర్యము వచ్చిన కాలమున కళాశాల అయినది. తరువాత సమన్వయ వైద్య కళాశాల అని పేరు మారినది. రెండు వైద్యములును చదివిన విద్యార్థులకు రెండు పట్టికలలో దేనియందును నిండుగౌరవము దొరకలేదు. ఆధునిక వైద్యులతో సమానమైన హోదాను వారు కోరిరి. కడకు 1960లో అది కీల్పాక వైద్యకళాశాలగ, పూర్తిగ పాశ్చాత్య వైద్య విద్యాలయముగ మారిపోయినది. సమన్వయమును కోరినవారు పాఠ్యప్రణాళికను కూర్చిరి గాని, ఆ చదువునకు తగిన పట్టికను, ఆ పట్టికకు తగిన మండలిని సకాలమున సంపాదింపలేకపోయిరి. చదువు, నమోదు, ప్రాతినిధ్యము అను మూడును కలిసి నడువనిచో ఏమగునో దీనివలన తెలియుచున్నది. ఆ మార్పు జరిగిన రెండేండ్లకు, 1962లో, లక్ష్మీపతిగారు దివంగతులైరి.

అటుపిమ్మట

1956లో ఆంధ్రమున ఆయుర్వేద, హోమియోపతి వైద్యవృత్తిదారుల నమోదు చట్టము వచ్చినది. అది ఉమ్మడి రాష్ట్రమున వర్తించినది. అంతకుముందు హైదరాబాదు రాజ్యమున యునానీకి నిజాము ప్రభువుల ఆదరము మెండు. చార్మినారు చెంత యునానీ వైద్యశాల దానికి సాక్షి. ఆయుర్వేదమునకు నిలయమైన హైదరాబాదు ప్రభుత్వ కళాశాల నేడు డాక్టరు బూర్గుల రామకృష్ణారావుగారి పేర నున్నది. ఆయన పాలమూరు జిల్లా బిడ్డ. 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి. సంస్కృత పారసీక భాషలలో ఉద్దండులు. రెండు సంస్కృతులకు వారధియైన ఆయన పేరు ఆ విద్యాలయమునకు తగియున్నది.

లక్ష్మీపతిగారి మరణానంతరము ఎనిమిదేండ్లకు పార్లమెంటు భారతీయ వైద్య కేంద్రమండలి చట్టమును, అనగా 1970 సంవత్సరపు చట్టమును, చేసినది. మరుసటి యేట మండలి ఏర్పడినది. అందు ప్రతి రాష్ట్రమునుండి ఆయుర్వేద, సిద్ధ, యునానీలలో ఒక్కొక్కదానికి ఐదుగురికి మించకుండ సభ్యులను రాష్ట్ర పట్టికలోని వైద్యులు తమలోనుండి ఎన్నుకొందురు. విశ్వవిద్యాలయముల అధ్యాపకులును తమ ప్రతినిధులను పంపుదురు. కేంద్రము నియమించువారు ఎన్నికైనవారి సంఖ్యలో నూటికి 30కి మించరాదు. వోటు పత్రము టపాలో వచ్చును. దానిని నింపి టపాలోనే పంపవలెను. నాగర్‌కర్నూలులోని వైద్యుడు, సూర్యాపేటలోని హకీము తమ గడప దాటకుండ ఢిల్లీలోని మండలికి ప్రతినిధిని పంపు కాలము వచ్చినది. 1914లో పట్టిక వెలుపల నిలిచిన వృత్తికి ఇది కొంచెము గౌరవము కాదు.

అయినను రెండు లోపములు మిగిలిపోయినవి. మొదటిది, పల్లెలోని పరంపరాగత వైద్యుని సంగతి. పట్టికలో లేనివారు వైద్యము చేయరాదని 1970 చట్టము విధించినది. ఆనాటికే పట్టిక లేని రాష్ట్రములలో ఐదేండ్లు వైద్యము చేసినవారికి మాత్రము మినహాయింపు నిచ్చినది. మనవంటి పట్టిక గల రాష్ట్రమున, నమోదు సంగతి తెలియక ఊరిలోనే ఉండిపోయిన వైద్యునికి ఆ రక్షణ వర్తింపదు. అతనికి వోటు లేదు సరికదా వృత్తియే ప్రశ్నార్థకమైనది. ఎముకలు కట్టువాని నేర్పు, చెంచువాని మూలికాజ్ఞానము ఏ పట్టికకును ఎక్కలేదు. అట్టివారిలో కొందరు మోసగాండ్రు ఉన్న మాట నిజము. పట్టిక అందరినీ ఒక్క గాటకట్టి వెలుపల నిలిపినది.

రెండవది, వోటును గూర్చిన ఉదాసీనత. టపాలో వచ్చిన కాగితమును బల్లసొరుగున పడవేసి, మండలి పనికిరానిదని నిందించువారు మనలో లేకపోలేదు. ఎన్నికలు సకాలమున జరుగని సందర్భములును కలవు. ఇట్టి కారణములచే కేంద్రమండలిపై అసంతృప్తి పెరిగి, 2020 ఏప్రిలులో దానిని తొలగించి తాత్కాలికముగ పాలకవర్గమును నియమించిరి. ఆ యేడాదియే జాతీయ భారతీయ వైద్యవిధాన కమిషను చట్టమైనది; 2021 జూనున అది ఆచరణలోనికి వచ్చినది. ఈ కమిషనున ఎన్నికైన వైద్యులకు కొంత చోటున్నను, అధికభాగము హోదాచేతను నియామకముచేతను వచ్చువారే. ఇంగ్లండున సయితము 2009 నుండి వైద్యమండలి సభ్యులందరును నియమితులే. 1886లో సంపాదించిన వోటు అచ్చట అంతరించినది. వైద్యులే తమను తాము నియంత్రించుకొన్నచో రోగికి న్యాయము జరుగునా అను సందేహము రెండు దేశములలోను వినబడినది. ఈ సందేహము త్రోసివేయదగినది కాదు. మండలి వైద్యునికొరకు ఉన్నదా, రోగికొరకు ఉన్నదా అని అడుగుట ప్రజల హక్కు.

ఈ ప్రశ్నకు లక్ష్మీపతిగారి జీవితమున సమాధానము దొరకును. వైద్యుని ప్రతినిధి వైద్యుని పక్షమున మాటలాడవలెను. రోగికి హాని చేయు అజ్ఞానమును తన వృత్తిలోనే వెదకి సరిదిద్దవలెను. ఆయుర్వేదమును నిందించినవారికి బదులు చెప్పిన తరములోనివాడు, ఆయుర్వేద విద్యార్థికి శరీరశాస్త్రము నేర్పుమని పట్టుబట్టిన మార్గములోనివాడు ఒకడే. తన వృత్తిని ప్రేమించువాడే దాని లోపమును చెప్పుటకు అర్హుడు; లోపమును చెప్పగలవాడే మండలిలో కూర్చుండుటకు అర్హుడు. నియమితుడైనను, ఎన్నికైనను ఈ కొలతకు సరిపోవలెను. అయితే ఎన్నికైనవానిని అడుగుటకు మనకు హక్కుండును. నియమితుని అడుగుటకు త్రోవ దూరము. ఉన్న కొలది స్థానములనైనను వైద్యులు శ్రద్ధతో నింపుకొనవలెననుటకు ఇదియే కారణము.

నేడు నల్లగొండ, మహబూబునగరము సీమలలోని వైద్యకుటుంబముల బిడ్డలు ఐదున్నర యేండ్లు చదివి బి.ఎ.ఎం.ఎస్. పట్టాతో వచ్చుచున్నారు. తాత కల్వము, మనుమని స్టెతస్కోపు ఒకే యింట ఉన్నవి. తాత పేరు పట్టికలో లేదు; మనుమని పేరున్నది. ఆ మనుమడు వోటు వేయునపుడు, లేదా వోటు అడుగ వచ్చినపుడు, తాతకు తెలిసినదానిని వ్రాసి పరీక్షించి నిలుపుటకు, తాతకు తెలియనిదానిని నేర్పుటకు మండలి ఏమి చేయునని అడుగవలసియున్నది. ఆచంట లక్ష్మీపతిగారు తన ఎం.బి.సి.ఎం. పట్టాతో గోపాలాచార్యులవారి సన్నిధికి వెళ్లినది ఆ రెండు పనులకొరకే.